మంద ఒకరిది, కాపలా మరొకరిది

అమెరికాలో మోంటానాలోని డీర్ లాడ్జ్ లోయలో పశుపోషణ అలసిన ఎడ్లతో మొదలైంది. 1850లలో ఆరెగాన్ బాటన పడమరకు సాగే వలసదారుల బళ్ల పశువులు నెలల తరబడి నడిచి, డొక్కలు ఎండి, గిట్టలు అరిగి కుంటుతుండేవి. మెటీ (ఆదివాసీ, ఐరోపా మిశ్రమ) సంతతికి చెందిన జానీ గ్రాంట్ బాగా మేసిన పశువు ఒకటిచ్చి, అలసినవి రెండు తీసుకునేవాడు. లోయలో మేపితే మరుసటి ఏటికి అవీ బలిసేవి. అతడి భార్య క్వారా ఆదివాసీ స్త్రీ. ఆమె బంధువర్గం అండ లేకుండా ఆ వ్యాపారం సాగేది కాదనిపిస్తుంది. ఎవరిదీ కాదని కొత్తవాళ్లు తలచిన ఆ గడ్డి నేల తరతరాలుగా ఆదివాసుల వేటనేల.

1866లో గ్రాంట్ అక్కడి తన పశువుల క్షేత్రాన్ని (రాంచ్‌ను) 19,200 డాలర్లకు కాన్రాడ్ కోర్స్‌కు అమ్మాడు. హోల్‌స్టైన్‌లో పుట్టిన కోర్స్ అంతకుముందు బంగారు గనుల ఊళ్లలో మాంసం కొట్టు నడిపాడు. గనివాళ్ల ఆకలి ఎంతో తెలిసినవాడు గనుకే మందల మీద డబ్బు పెట్టాడు. 1868లో అతణ్ణి పెళ్లాడి రాంచ్‌లోని దుంగల ఇంటికి వచ్చేసరికి అగస్టాకు 19 ఏళ్లు. భర్త మందల వెంట తిరిగే రోజుల్లో ఇంటి బరువంతా ఆమెదే. రాంచ్ చరిత్రలో పశువుల లెక్కలకు దక్కిన చోటు ఇలాంటి చాకిరీకి దక్కదు. అది అన్యాయమే.

మందను నిజంగా కాచింది జీతగాళ్లు. నెలకు 30, 40 డాలర్లు, తిండి, పడుకోవడానికి చోటు: అప్పటి పశ్చిమాన మామూలు బేరం అదే. వసంతంలో మందలను కూడగట్టి, దూడలకు యజమాని గుర్తు వాత వేసేవారు. శరదృతువులో బలిసినవాటిని ఏరి సంతకు తోలేవారు. ఈ విద్య మెక్సికో కాపరులది. రోడియో, లాసో అన్న మాటలు స్పానిష్ నుంచే వచ్చాయి. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి యువకులెందరో జీను ఎక్కారు. అయితే చలి ముదిరేసరికి చాలామందికి పని పోయేది. కాపాడిన మంద బయట గడ్డి మేస్తుండగా, కాపాడినవాడు పూటకూటి కోసం రాంచ్ నుంచి రాంచ్‌కు తిరిగేవాడు. స్వేచ్ఛాజీవిగా కథలు పొగిడిన కౌబాయ్ బతుకులో ఈ నిరుద్యోగపు నెలలూ ఉన్నాయి.

1886 వేసవిలో వానల్లేక గడ్డి మాడింది. మేతకు మించి పశువులు అప్పటికే చేరి ఉన్నాయి. ఆ చలికాలం మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి నేలపై పలకలా పేరుకుంది. దాన్ని పగలగొట్టి మేయలేక కొన్ని మందల్లో సగానికి పైగా చచ్చాయి. వసంతంలో వాగుల వెంట కళేబరాలను లెక్కపెట్టే పని కూడా జీతగాళ్లకే పడింది. కోర్స్ బ్యూట్ నగరపు బ్యాంకరు దగ్గర లక్ష డాలర్ల అప్పు తెచ్చి నిలదొక్కుకున్నాడు. నిలువలేనివాళ్లు ఎందరో.

అటు తర్వాత ముళ్లకంచెలు, ఎండుగడ్డి వాములు తప్పనిసరయ్యాయి. కంచె గుంటలు తవ్వడం, గడ్డి కోయడం గుర్రం మీద బతికినవాళ్లకు నచ్చని పనులు. కానీ వాములోని గడ్డిని మంచులో పశువుల ముందుకు చేర్చడానికి మనిషి కావాలి. దాంతో కొందరికైనా చలికాలం జీతం దొరికింది.

కోర్స్ 1920లో, అగస్టా 1945లో మరణించారు. 1972లో ఆ రాంచ్‌ను జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. యజమాని ఇంటితోపాటు దాని వెనకనున్న జీతగాళ్ల గదుల వరుసనూ అక్కడ కాపాడుతున్నారు.