గీతలు లోపలివా, పైవా?

ఒహాయోలో మా ఇంటి గరాజ్‌లో కారు పట్టదు. గ్యాసు కొలిమి, దాగలి, సుత్తులు, ఓ మూల పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం నిండా గోధుమరంగు ద్రావకం. అది ఫెర్రిక్ క్లోరైడ్. పేరుకి లవణమే అయినా మేమంతా ఆమ్లమనే అంటాం. ఇంజనీరింగ్ లాబులో సర్క్యూట్ బోర్డు మీది రాగిని కరిగించడానికి వాడిన సరుకే. ముప్ఫై ఏళ్ళ తర్వాత అది నన్ను నిలేసి ఓ నీతి ప్రశ్న అడుగుతుందని అనుకోలేదు.

కత్తులు చేయడం నాకు యాభై దాటాక పట్టుకున్న పిచ్చి. ఇక్కడ డమాస్కస్ పేరుతో అమ్మేవి ఎక్కువగా రెండు రకాల ఉక్కు పొరలు అతికించి చేసినవే. 1973లో మేరీలాండ్ కమ్మరి బిల్ మోరన్ అలాంటి కత్తులు ప్రదర్శనలో పెట్టాక అమెరికాలో ఈ విద్యకి మళ్ళీ ఊపొచ్చింది. మామూలు కార్బన్ ఉక్కు, కాస్త నికెల్ కలిసిన ఉక్కు, మొత్తం ఏడు రేకులు పేర్చి అతికించి, మడత కాజాలాగా ఐదుసార్లు మడిస్తే 224 పొరలు. తీరా సానబట్టి మెరుగు పెట్టాక చూస్తే ఏమీ కనబడదు, స్టీలు గరిటలా ఉంటుంది. ఆమ్లంలో ముంచాలి. అది కార్బన్ ఉక్కుని తిని నల్లబరుస్తుంది, నికెల్ ఉన్న పొర జోలికి అంతగా పోదు. అప్పుడు లేస్తాయి గీతలు.

చెప్పడానికి ఇంతే. చేతికొచ్చేసరికి ఆమ్లం మహా నిక్కచ్చి. ముందుగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచకపోతే నలుపు సరిగా పట్టదు. ఇసుక కాగితం గీత ఒక్కటి మిగిలినా దాన్ని పైకి తెచ్చి చూపిస్తుంది. ఓసారి అసిటోన్‌తో శుభ్రంగా తుడిచి, తొడుగుల్లేకుండా పట్టుకున్నాను. పది నిమిషాల తర్వాత కత్తి మీద నా బొటనవేలి ముద్ర, పోలీసు స్టేషన్లో వేయించుకున్నట్టు! చిక్కటి ద్రావకంలో తొందరపడి వదిలేస్తే అంచులు కొరుక్కుపోతాయి. ఒక పాలుకి మూడు నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపి, పదేసి నిమిషాలు ముంచి, ప్రతిసారీ కడిగి, పైన పేరుకున్న మసిని 2000 నంబరు కాగితంతో సుతారంగా తీసి, మళ్ళీ ముంచాలి. చివర్న వంటసోడా నీళ్ళు, ఆ పైన నూనె. సోడా మరిచిపోతే మర్నాటికి తుప్పు.

కొన్నేళ్ళ క్రితం మా ఊరి తెలుగువాళ్ళ సంక్రాంతి సభలో, ఇండియాలో ఓ బడి లైబ్రరీ కోసం వేలంపాట పెట్టారు. డమాస్కస్ కత్తి ఇస్తానని మాటిచ్చాను. వారం ముందు పొరల మధ్య అతుకు విడిపోయింది. మరొకటి చేసే వ్యవధి లేదు. మామూలు ఉక్కు కత్తి ఒకటి తీసి, మా ఆవిడ గోళ్ళరంగుతో అలలు గీసి, ముంచాను. రంగు ఉన్నచోట తెలుపు, లేనిచోట నలుపు. నిజం చెప్పొద్దూ, అసలుదానికన్నా అందంగా, ఒక్క మచ్చ లేకుండా వచ్చింది. వేదిక మీద వ్యాఖ్యాత ఉత్సాహంగా "మన కోనసముద్రం ఉక్కు వారసత్వం" అన్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆర్మూరు కుర్రాడొకడు 400 డాలర్లకి పాడుకున్నాడు.

ఎవరికి నష్టం? కత్తి బాగానే తెగుతుంది. డబ్బు పిల్లల పుస్తకాలకే పోయింది. లేని అనుభవాన్ని రెజ్యూమెలో గీయించుకుని ఈ దేశంలో దిగి, తర్వాత నిజంగానే గొప్ప పనివాళ్ళయినవాళ్ళు మనలో లేరా? ఇలా నాకు నేను చాలా చెప్పుకున్నాను. కానీ ఈ వాదనలన్నీ కత్తి గురించి. అతను అంత డబ్బు పోసింది గీతల కోసం. పని శుభ్రంగా రావడం వేరు, నిజంగా రావడం వేరు అని నాకు తెలుసు. తెలిసే చేశాను.

కోనసముద్రం పేరు మరీ గుచ్చింది. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్ళో మూసల్లో చేసే ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు రాశాడు. అది 1832లో అచ్చయింది. వూట్జ్ అన్న మాట కూడా మన ఉక్కు లోంచే పుట్టిందంటారు. దానికి అతికించిన పొరలుండవు, గీత దిమ్మలోనే పుడుతుంది. అయోవా ప్రొఫెసర్ వెర్హోవెన్, ఫ్లోరిడాలో గుర్రాలకి నాడాలు కొట్టే ఆల్ పెండ్రే కలిసి ఏళ్ళ తరబడి అలాంటి ఉక్కు కాచారు. ఖనిజంలో అతి కొద్దిగా ఉండే వెనేడియం లాంటి మలినాలే ఆ గీతలకి మూలమని 1998లో ప్రకటించారు. అలాంటి ఖనిజం అయిపోయాక అదే చేయి, అదే సుత్తి ఉన్నా గీత రాకుండా పోయి ఉంటుందని వాళ్ళ ఊహ.

నిరుడు ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, తుప్పు పట్టిందని ఇసుక కాగితంతోని రుద్దిన. గీతలు మొత్తం పోయినయి. మళ్ల యాసిడ్ల ముంచితె వస్తయంట గదా?"

అసలైనదైతే వస్తాయి. ఎంత అరగదీసినా మళ్ళీ వస్తాయి. నకిలీని పట్టుకునే పద్ధతీ అదే. కత్తి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. నా దగ్గర పాత అలల ఫోటో ఉంది, గోళ్ళరంగుకి కరువు లేదు. అచ్చం అలాగే గీసి ఇచ్చేయొచ్చు. రెండు రోజులు కత్తి బల్ల మీదే ఉంది. మూడో రోజు అతన్ని గరాజ్‌కి పిలిచి, కత్తి తుడిచి, అతని ముందే ముంచాను. పది నిమిషాలు ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. బయటికి తీస్తే ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే బూడిదరంగు.

అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి గప్పుడు ఎట్ల వచ్చినయన్నా?" అన్నాడు.

లోపలికి వెళ్ళి, గోళ్ళరంగు సీసా తెచ్చి అతని చేతిలో పెట్టాను.