ఒక ప్లేటు దోసె ఖరీదు

పోయిన ఏడాది పొలం కాగితాల పని మీద ఇందుకూరుపేట వెళ్ళి మూడు రోజులున్నాను. మూడు రోజులూ పొద్దున్నే టిఫిను అంగడిలో తిన్నాను. ఇందులో రాయడానికేముందని మీకనిపించొచ్చు. పుట్టి పెరిగిన ఊళ్ళో, యాభై నాలుగేళ్ళ వయసులో, అంగడి బల్ల మీద కూర్చుని తినడం నాకదే మొదటిసారి. మా అమ్మ ఆ ఒక్కసారి కూడా ఎరగకుండానే పోయింది.

మైపాడు పోయే రోడ్డు వారగా రేకుల పందిరి. రెండు పొయ్యిలు, మూడు బల్లలు. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా కాసి వచ్చేవాళ్ళు, ఆటోవాళ్ళు, నెల్లూరు బస్సు కోసం చూసేవాళ్ళు బల్లల మీద ఉన్నారు. అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళు రాకపోలేదు. చట్నీకి గిన్నె తెచ్చుకుని, పక్కగా నిలబడి, కట్టించుకుని పోతున్నారు. పొయ్యి దగ్గరున్నామె నన్ను కూడా "పార్సిలేనామ్మా?" అని అడిగింది. ఇక్కడే తింటానన్నాను. బల్ల మీదున్న కుర్రాడు ప్లేటు పట్టుకుని లేచి ఇంకో బల్లకి పోయాడు. మర్యాదే కావచ్చు. అయితే ఆ మర్యాద నేనక్కడ మామూలు మనిషిని కానని కూడా చెప్పింది.

కులం వల్ల గానీ, ఆడదైనందువల్ల గానీ ఎవరినీ హోటళ్ళలోకి రానివ్వకుండా ఆపకూడదని 1950 నుంచి మన రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది. కులం విషయంలో ఆ మాట కాగితం దిగి రావడానికి దళితులు వేరే గ్లాసుల మీద పోరాడాల్సి వచ్చింది. ఆడవాళ్ళనెవరూ అలా గెంటలేదు. ఆ రెండూ ఒకటేనని నేననను. మనల్ని ఆపింది, "ఇంట్లో తినొచ్చుగా" అనే మెత్తని మాట. 1992లో ఇదే జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం పాకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మగవాళ్ళు కూర్చునే చోటుని మూయించగలిగిన మనకి, మనం కూర్చునే చోటు మాత్రం రోడ్డు మీద ఏర్పడలేదు.

ఇంతవరకూ నా ఆలోచన నాకు బాగానే ఉంది. ఎర్రకారం పూసిన దోసె తింటూ నేనేదో చిన్న తిరుగుబాటు చేస్తున్నాననే అనుకున్నాను. రెండో రోజు దోసె వేడిగా నా ముందుకొచ్చినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. ఆమె అందరికీ పెనం మీంచి తీసి పెట్టి, చివర మిగిలిన పిండితో పోసుకున్న అట్టు చల్లారాక నిలబడి తినేది. మరి ఇప్పుడు నా ముందు నిలబడి ఉన్నదెవరు?

"నువ్వెప్పుడు తింటావక్కా?" అన్నాను.

"బేరమైపోయినాక. పదో, పదకొండో అవద్ది."

మూడు గంటలకి లేస్తుందట. గల్లాపెట్టె దగ్గర భర్త కూర్చుంటాడు. నేను వంటింట్లోంచి బయటపడ్డానా, లేక నా వంటింటిని ఇంకో ఆడమనిషి నెత్తికెత్తానా? మన సభల్లో వంటింటి మీద ఎన్ని వ్యాసాలు చదివాం! చదివొచ్చి, ఇంట్లో వంటామె పెట్టిన భోజనం తిన్నాం.

కాస్త జాలిగానే అన్నాననుకుంటాను, "లే, ఒక రెండు నేను పోస్తాను, నువ్వు కూర్చుని తిను" అని. ఆమె నవ్వింది. "నువ్వు పోస్తే నా బేరం పోద్దమ్మా. ఇంతకు ముందు నాట్లకి పోయేదాన్ని. ఆ కూలి చేసొచ్చి మళ్ళా ఇంట్లో వండాల. ఇక్కడ వండినదానికి డబ్బులన్నా వస్తాయి గదా."

అంటే నేను దాస్యం అనుకున్నది ఆమెకి ఒక మెట్టు పైకి. అమ్మ చేసిన పనే ఆమె చేస్తోంది. తేడా ఒక్కటే, దానికి ధర ఉంది. అయితే సమస్య తీరినట్టేనా? మూడో రోజు నేను డబ్బులిస్తూ, "పోయినసారి కంటే రేటు పెంచినట్టున్నారే" అన్నాను. భర్త ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే అంది: "రెండ్రూపాయలు పెంచితే అందరూ అదే మాట. ఇంట్లో మా ఆడోళ్ళు పోస్తే ఊరికే వస్తది, అట్టుకింతనా అంటారు."

నేను సిగ్గుపడ్డాను. నెల్లూరులో ఏసీ హోటల్లో ఇంతకు మూడింతలు బిల్లు కట్టి ఎన్నడూ నోరెత్తలేదు. ఇక్కడ నోరెత్తడానికి నాకు ధైర్యమెక్కడిది? మా అమ్మ దోసె నాకు ఊరికే వచ్చింది గనక. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి దానికి 299 నిమిషాలు పెట్టేవాళ్ళు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చేసే మగవాళ్ళే నలుగురిలో ఒక్కరు. ఆ 299 నిమిషాలకీ కూలి సున్నా. ఆ సున్నా ఇంట్లోనే ఆగిపోదు. గడప దాటి వచ్చి ఈ రేకుల పందిరి కింద దోసె ధరని పట్టుకుని కిందికి లాగుతుంది. ఇంట్లో ఊరికే వచ్చేదానికి బయట ఎవరు సరైన ఖరీదు కడతారు?

కాబట్టి నేను వేసుకున్న ప్రశ్నే తప్పు. ఇంకో ఆడమనిషి చేత వండించుకోవచ్చా అన్నది కాదు. డబ్బిచ్చి తినడం పాపం కాదు. తింటే ఆమె బతుకు, తినకపోతే ఆమెకి నష్టం. ఆ శ్రమకి ఖరీదు కట్టేటప్పుడు నా చేతిలో ఏ తూనికరాయి ఉందన్నది ప్రశ్న. అమ్మ శ్రమని సున్నాగా లెక్కగట్టిన రాయితోనే ఈమెనీ తూస్తున్నాను. అమ్మ బాకీ ఇక తీర్చలేను. ఈ బాకీ పెరగకుండా చూడగలను.

ధర పెరిగినా ఆ డబ్బు ముందు చేరేది గల్లాపెట్టెకే. అది కూడా ఆమెకి తెలుసు. నేను లేచి వస్తుంటే, "రేపొస్తావా?" అంది. బస్సుకి పోతున్నానన్నాను. "మళ్ళా వస్తే పది దాటినాక రా. ఇద్దరం కూర్చుని తిందాం" అంది.

అప్పటికి బల్లలు ఖాళీ అవుతాయి. ఖాళీ కాకముందే మనిద్దరం కూర్చోవడం ఎప్పుడని ఆమెని అడగాలనుకున్నాను. పెనం మీద ఎవరిదో దోసె మాడుతోంది. అడగలేదు.