గోడ ఎవరిది, బొమ్మ ఎవరిది

పాడుబడిపోతున్న పేటలో గోడలకు రంగుల బొమ్మలు వేయడం మంచి పనేనా? ఇది పట్నం వాళ్ళ ప్రశ్న, మనకెందుకులే అనుకోవడానికి లేదు. సోమశిల చుట్టుపక్కల మన ఎస్టీ కాలనీల్లో శ్లాబు పెచ్చులూడి, ఇనుపకడ్డీ బయటపడ్డ ఇళ్ళు మనకు తెలుసు. ఆ గోడల మీదే ఎన్నికలప్పుడు గుర్తులు వేస్తారు, పథకాల పేర్లు రాస్తారు. ఇంట్లో ఉన్న అవ్వను అడిగి రాసినవాళ్ళు ఎంతమంది?

హైదరాబాదులో రాజ్‌భవన్‌కు దగ్గర్లో ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అక్కడి ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించింది. మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అని దానికి పేరొచ్చింది. అంతకుముందు ఆ సందుల్లోకి తొంగి చూడనివాళ్ళు కెమెరాలు పట్టుకుని వచ్చారు. బస్తీ పిల్లలకు తమ వీధి పేరు చెప్పుకోవడానికి ఒక కారణం దొరికింది. అది చిన్న విషయమేమీ కాదు. అయితే బొమ్మ చూడ్డానికి వచ్చినవాడు ఆ గోడ వెనక కాపురం ఎలా సాగుతోందో కూడా చూశాడా అన్న అనుమానం మాకు పోదు.

అమెరికాలో డెట్రాయిట్ సంగతి ఇంకా లోతుగా ఉంది. కార్ల ఫ్యాక్టరీలతో బతికిన ఊరు అది. 1950లో 18 లక్షలకు పైగా జనం ఉండేవారు. ఫ్యాక్టరీలు తగ్గాయి, తెల్లవాళ్ళు శివార్లకు తరలిపోయారు. 2010 నాటికి మిగిలింది 7 లక్షల పైచిలుకు. 2013లో ఏకంగా నగర పాలనే దివాలా ప్రకటించింది. వీధులకు వీధులు ఖాళీ ఇళ్ళే. హైడెల్‌బర్గ్ అనే అలాంటి వీధిలో టైరీ గైటన్ అనే నల్లజాతి కళాకారుడు 1986లో పని మొదలుపెట్టాడు. తను పెరిగిన వీధే అది. తాత శామ్ మాకీ తోడు నిలిచాడు. ఖాళీ ఇళ్ళకు రంగురంగుల చుక్కలు పెట్టారు, పారేసిన చెప్పులు, బొమ్మలు, సామాన్లు తెచ్చి తగిలించారు. చూడ్డానికి దేశదేశాల నుంచి వచ్చారు. ఇరుగుపొరుగులో కొందరికి మాత్రం అది చెత్త పోగులాగే కనబడింది. నగర అధికారులు 1991లో ఒకసారి, 1999లో ఒకసారి బుల్డోజర్లు పంపి కొన్నిటిని కూలగొట్టించారు. ఏళ్ళ తరబడి పాడుబడ్డ ఇళ్ళను పట్టించుకోని వాళ్ళకు, వాటికి రంగు పడగానే కళ్ళు తెరుచుకోవడం చూడండి!

గైటన్ బొమ్మలు ఆ వీధి పాడుబడిందన్న సంగతిని దాచలేదు, పదిమందికీ చూపించాయి. మేము గమనించాల్సింది ఇక్కడే ఉందనిపిస్తుంది. గోడను దాచే బొమ్మ ఒకటి, గోడ సంగతి చెప్పే బొమ్మ ఇంకొకటి.

గోడ మీద బొమ్మ ఆదివాసీలకు కొత్త కాదు. శ్రీకాకుళం వైపు సవరలు ఇంటి గోడ మీద ఇడితాల్ వేస్తారు. జబ్బు పోవాలని, పంట బాగుండాలని, చనిపోయిన పెద్దల కోసమని వేసేది అది. ఆ ఇంటికీ, ఆ పెద్దలకూ సంబంధం ఉంది. మహారాష్ట్రలో వార్లీలు పెళ్ళిళ్ళకు బియ్యప్పిండితో వేసే బొమ్మలు ఇప్పుడు ఆఫీసుల ప్రహరీల మీద, హోటళ్ళ గోడల మీద కనబడుతున్నాయి. 2019లో మొదలైన నాడు-నేడు తర్వాత మన బడుల గోడలకూ రంగులొచ్చాయి. బడి కళగా ఉంటే పిల్లలు సంతోషంగా వస్తారు, కాదనం. కానీ వార్లీ బొమ్మ వేసిన గోడ దగ్గర కూర్చున్న యానాది పిల్లకు, తన వాళ్ళ పెన్న, చేపల వల, తాటాకు గుడిసె ఏ గోడ మీదా కనబడకపోతే?

ముందు కప్పు బాగుచేయండి, తర్వాత రంగుల మాట చూద్దాం అనే టీచర్లున్నారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. అయినా ఆ మాట మేము పూర్తిగా ఒప్పుకోలేం. వానకు కురిసే గుడిసెలో ఉంటూనే మన అమ్మలు వాకిలి అలికి ముగ్గు పెట్టారు. కప్పు బాగుపడేదాకా ముగ్గు ఆపలేదు. ముగ్గు పెట్టినందుకు కప్పు సంగతీ మరిచిపోలేదు.

కాబట్టి మన కాలనీలో, మన బడిలో కుంచె పిల్లల చేతికే ఇద్దాం. ఏ ఇంటి గోడైనా ముందు ఆ ఇంటివాళ్ళను అడిగి రమ్మందాం. ఒక పిల్లవాడు పెచ్చులూడిన చోటును పెచ్చులూడినట్టే వదిలి, బయటపడ్డ కడ్డీ చుట్టూ బొమ్మ గీయొచ్చు. తనిఖీకి వచ్చినవాళ్ళకు అది నచ్చక సున్నం కొట్టెయ్యమనొచ్చు. అప్పుడు ఏం జవాబు చెప్పాలో టీచర్లం ముందే మాట్లాడుకుని ఉండాలి.