పొలిమేర దాటించిన భయం

కొత్త జబ్బు పేరు వార్తల్లోకి ఎక్కగానే ఊరూరా పుట్టే ప్రశ్నలు ఒకటే: గాలితో వస్తుందా, తాకితే వస్తుందా, కోడిమాంసం మానేయాలా, మన దాకా వస్తుందా? విశాఖ శివారులోని పెందుర్తి లాంటి చోట చివరి ప్రశ్నకు బరువెక్కువ. అరకు వైపు వెళ్లే రోడ్డు, అనకాపల్లి నుంచి ఆనందపురం పోయే జాతీయ రహదారి, విశాఖ నుంచి ఉత్తరానికి సాగే రైలుమార్గం అన్నీ ఇక్కడ కలుస్తాయి. మనుషులు ఆగని చోట జబ్బు ఆగుతుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు. అయితే ఈ ప్రశ్నలన్నీ వైద్యులకు వేయాల్సినవి, జవాబు నేడో రేపో వాళ్లే చెబుతారు. ఆ జవాబు వచ్చేలోగా గడిచే కాలం మాత్రం మనది. ఆ కాలంలో ఎవరు ఎంత భారం మోయాలన్నది వైద్యం తేల్చే సంగతి కాదు, ధర్మం తేల్చాల్సింది. నా వాదన ఇది: నన్ను నేను కట్టడి చేసుకోవడానికి అనుమానం చాలు, ఎదుటివాణ్ని కట్టడి చేయడానికి అనుమానం చాలదు.

ముందుగా ఒప్పుకోవాల్సింది, కొత్త వ్యాధి విషయంలో తెలియకపోవడం పామరుల లోపం కాదు. 2020 మార్చిలో కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థే గట్టిగా ప్రకటించింది. తరవాత ఆ మాట మార్చుకోక తప్పలేదు. మాస్కు అందరికీ అక్కర్లేదన్న సలహా కొన్ని వారాల్లోనే తలకిందులైంది. ఆ ఫిబ్రవరిలో కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారుకు ధరలు కుప్పకూలితే, హైదరాబాదులో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. కరోనా విషయంలో వాళ్లదే సరైన మాట. కానీ కోడితో ఎప్పుడూ ఏ ప్రమాదమూ ఉండదని దానికి అర్థం కాదు. 2025 మార్చిలో నరసరావుపేట పసిబిడ్డ ఒకరు బర్డ్ ఫ్లూతో చనిపోయారు. పచ్చి కోడిమాంసం నోట పెట్టుకున్నట్టు ఇంట్లోవాళ్లు చెప్పారు. బాగా ఉడికించి తినమన్న సాదా మాటే రెండు సందర్భాల్లోనూ నిలిచింది. ఏలూరులో 2020 డిసెంబరులో వందల మంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు మొదట వైరస్‌ను, దోమలను, తాగునీటిని అనుమానించారు. పరీక్షలు చివరికి సీసం, నికెల్, పురుగుమందుల వైపు తిరిగాయి. గమనించాల్సిన విషయం, కారణం తెలిసేదాకా వైద్యులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఫిట్స్‌కు మందిచ్చారు, ఎక్కువమంది గంటల్లోనే కోలుకుని ఇంటికి వెళ్లారు. తెలియకపోవడం పనికి అడ్డు కాదని ఏలూరు చూపింది.

మన తాత్విక సంప్రదాయానికి ఇది కొత్త పాఠం కాదు. న్యాయదర్శనం లెక్కించిన పదహారు పదార్థాల్లో సంశయం ఒకటి. విచారణ అక్కడే మొదలవుతుంది. సంశయం లేనివాడికి ప్రమాణంతో అవసరమే ఉండదు. ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది: సంశయాత్ముడు నశిస్తాడని గీత నాలుగో అధ్యాయం హెచ్చరించింది కదా? హెచ్చరించింది. కానీ ఆ మాట ఎవరితో చెప్పింది? కర్తవ్యం ముందు విల్లు దించి కూర్చున్నవాడితో. జ్ఞానం, శ్రద్ధ రెండూ లేక సంశయంలోనే ఇల్లు కట్టుకున్నవాణ్ని అది తప్పుపట్టింది, తెలుసుకోవడానికి సందేహించేవాణ్ని కాదు. తెలియదని ఒప్పుకుంటూనే చేయగలిగింది చేసే వైద్యుడు సంశయాత్ముడు కాడు. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పేవాడి నిశ్చయమే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అది విచారణను మొగ్గలోనే తుంచేస్తుంది.

తెలియనితనాన్ని మన పల్లెలు ఎలా మోశాయో గ్రామదేవతల ఆచారాలు చెబుతాయి. మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, ఇంట్లో పోపు పెట్టేవారు కాదు, బయటివాళ్లు లోపలికి వచ్చేవారు కాదు. రోగిని పాపి అనేవారు కాదు. ఆ ఒంటి మీద అమ్మే ఉందని చల్లగా చూసుకునేవారు. వైరస్ సంగతి తెలియని రోజుల్లో ఆ ఇల్లు తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు అది. అంటువ్యాధి శాస్త్రం దాన్ని పూర్తిగా సమర్థించకపోవచ్చు, నీతి మాత్రం సమర్థిస్తుంది. అయితే అదే సంప్రదాయంలో ఇంకో ఆచారమూ ఉంది. కలరానో మశూచో ఊళ్లో పెచ్చుమీరితే జాతర చేసి, బలి ఇచ్చి, అమ్మవారిని ఊరేగించి పొలిమేర దాటించేవారు. పొలిమేర అవతల ఉన్నది శూన్యం కాదు, ఇంకో ఊరు. ఆ ఊరివాళ్లు మళ్లీ తమ పొలిమేర దాకా మోసుకెళ్లి దించేవారు. వేపమండ భారాన్ని ఇంట్లోనే ఉంచుకుంది. పొలిమేర ఆచారం దాన్ని పక్కవాడి నెత్తిన దించింది. ఒకే భక్తి, ఒకే భయం, రెండు వేర్వేరు ధర్మాలు. సంప్రదాయం వైపు నిలబడతామా, శాస్త్రం వైపు నిలబడతామా అన్న తగువు కన్నా, ఈ రెండిట్లో ఏది ఎంచుకుంటామన్నదే అసలు ప్రశ్న.

పెందుర్తికి దగ్గర్లో ఉన్న సింహాచలం 2020లో మొదటిదాన్ని, వేపమండ ధర్మాన్ని ఎంచుకుంది. ఏడాదికొక్క రోజు దొరికే నిజరూప దర్శనం కోసం లక్షల మంది ఎదురుచూసే చందనోత్సవాన్ని ఆ ఏప్రిల్‌లో భక్తులు లేకుండా ఏకాంతంగా జరిపారు. మరుసటి ఏడాదీ అంతే. దేవుడు కాపాడతాడు కదా, గుడి మూయడం అపనమ్మకం కాదా అని అడిగినవారున్నారు. స్వామి మీద నమ్మకం ఉంటే నా ప్రాణాన్ని ఆయన చేతిలో పెట్టవచ్చు. క్యూలో నా వెనక నిలబడిన ముసలమ్మ ప్రాణాన్ని ఆమె అనుమతి లేకుండా పెట్టే హక్కు నాకు లేదు. గీత దైవీసంపద వరసలో మొట్టమొదట చెప్పిన అభయం కూడా ఇదే చెబుతుంది: తాను భయపడకపోవడం దానిలో సగం, తన వల్ల ఇతరులకు భయం లేకుండా చూడడం మిగతా సగం.

పొలిమేర దాటించే రెండో ఆచారం ఆధునిక వేషాల్లో ఎన్నిసార్లు తిరిగొచ్చిందో అదే కాలం చూపించింది. 2020 మార్చి చివర హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ చేసి సొంతూళ్లకు బయలుదేరిన యువతను గరికపాడు దగ్గర ఆంధ్ర సరిహద్దులో ఆపేశారు. మరుసటి ఏడాది మే నెలలో ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షను నిలిపేసింది. నెల్లూరు వైద్యుడొకరు 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో కన్నుమూస్తే అంబత్తూరు శ్మశానంలో దహనానికి స్థానికులు అడ్డుపడ్డారు. వైద్య సిబ్బంది మీద దాడులు ఎంత పెరిగాయంటే, ఆ నెల 22న కేంద్రం ప్రత్యేకంగా ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఢిల్లీ తబ్లీగీ సమావేశం పేరు చెప్పి ఒక మతాన్నే రోగకారకంగా చూపిన ప్రచారం సంగతి తెలిసిందే. ఆ సమావేశానికి వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులో వాళ్లను బలిపశువులను చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఆ ఏడాది ఆగస్టులో వ్యాఖ్యానించింది. వీటన్నిటినీ గమనిస్తే ఒకటి తేలుతుంది. ఎదుటివాడి మీద పడే అనుమానం ఆధారం చూసి పడదు. అప్పటికే ఎవరంటే పడదో, ఎవరు ఎదురు చెప్పలేరో చూసుకుని అక్కడ వాలుతుంది. నా మీద నేను వేసుకున్న కట్టుబాటు పొరపాటని తేలితే నష్టం నాది, ఒప్పుకుని పడ్డ నష్టం. ఇతరుల మీద వేసింది పొరపాటైతే నష్టపోయేవాడు ఒప్పుకోనివాడు, తరచూ బలహీనుడు. నా నియమానికి మూలం ఈ తేడాలోనే ఉంది.

దీనికి బలమైన అభ్యంతరం రాజ్యం వైపు నుంచి వస్తుంది. రుజువు వచ్చేదాకా ఆగితే అంటువ్యాధి ఆగదు; క్వారంటైన్ అంటేనే అనుమానం మీద ఇతరుల్ని కట్టడి చేయడం. నిజమే, అందుకే నా నియమానికి మినహాయింపు ఉండాలి. కానీ మినహాయింపుకు వెల చెల్లించాలి. 1897లో ప్లేగు కోసం తెచ్చిన అంటువ్యాధుల చట్టం చాలా చిన్నది. ప్రభుత్వానికి విస్తృత అధికారాలిచ్చి, దాని కింద పనిచేసినవారిని దావాల నుంచి కాపాడింది. పుణెలో ప్లేగు అధికారి ర్యాండ్ సైనికులతో ఇళ్లలోకి చొరబడి సోదాలు చేయించాడు. ఆ జూన్‌లో చాపేకర్ సోదరులు అతణ్ని కాల్చారు. హత్యను సమర్థించనక్కర్లేదు. అయితే బలవంతం చేసిన చోట జనం జబ్బును దాచిపెడతారు, అది వైద్యానికే నష్టం. కాబట్టి రాజ్యం అనుమానం మీద కట్టడి పెట్టాలంటే కారణం చెప్పాలి, గడువు పెట్టాలి, కట్టడిలో ఉన్నవాడి తిండికీ కూలికీ పూచీ పడాలి, ఆధారం మారగానే ఎత్తేయాలి. ఉక్కు కర్మాగారం కాంట్రాక్టు కార్మికుడూ, గుడి ముందు పూలమ్మే ఆమే ఇంట్లో కూర్చోవాలంటే ఆ కూర్చోవడం ఖర్చు ఊరంతా పంచుకోవాలి. లేకపోతే త్యాగం పేరుతో జరిగేది పొలిమేర దాటించడమే.

ఇంకో అభ్యంతరం మానవ స్వభావానిది: భయం మన చేతిలో ఉండదు, ముందు మనవాళ్లు అనుకోవడం సహజం. భయం చేతిలో లేదు నిజమే, చేసే పని మాత్రం చేతిలోనే ఉంది. 2021 ఏప్రిల్ 22న దేశంలో మొదటి లోడు ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కు కర్మాగారంలో ఏడు ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్రకు బయలుదేరింది. అప్పటికి మన దగ్గరా రెండో అల ఉవ్వెత్తున లేస్తోంది, రేపు మనకే చాలదేమోనన్న భయానికి ఆధారం ఉంది. అయినా బండి కదిలింది. అదే ఏడాది మే నెలలో కృష్ణపట్నంలో కోవిడ్‌కు పనిచేస్తుందని నమ్మిన ఆనందయ్య నాటుమందు కోసం వేలమంది బారులు తీరారు. ఆశను తప్పుపట్టలేం. కానీ ఆశతో గుమిగూడిన జనం ఒకరి జబ్బు ఇంకొకరికి అంటించే అవకాశముందన్న లెక్క ఆ బారులో ఎవరికీ పట్టలేదు. ప్రభుత్వం ఆ నెలాఖరున అతని కొన్ని మందులకు అనుమతిచ్చి, నివేదిక రాని కంటి చుక్కలను ఆపింది. తెలిసినంతవరకు సరే అని, తెలియనిచోట ఆగడమంటే అదే.

రేపు పెందుర్తి ఆసుపత్రిలో పేరు తెలియని జ్వరంతో ఎవరో చేరితే, ఆ జ్వరం ఏమిటో తేలడానికి రోజులు పట్టవచ్చు. ఆ రోజుల్లో ఎవరైనా మాస్కు పెట్టుకుంటే, పెళ్లి వాయిదా వేసుకుంటే, జాతర తగ్గించుకుంటే అందుకు రుజువు అడగనక్కర్లేదు. అద్దెకున్న నర్సును ఖాళీ చేయమంటే, ఏజెన్సీ నుంచి దిగివచ్చే గిరిజనుణ్ని సంతకు రావద్దంటే, ఫలానా వీధివాళ్ల వల్లే అని వాట్సాప్‌లో పంపితే మాత్రం రుజువు అడగాలి. అది ఇవ్వలేనివాడు జాగ్రత్తపరుడు కాడు, తన భయాన్ని పక్కింటి గుమ్మంలో దించి వచ్చినవాడు. జబ్బు ఏమిటో తెలియకపోవచ్చు గానీ ఈ రెండు పనుల మధ్య తేడా తెలుసుకోవడానికి ప్రయోగశాల నివేదిక అక్కర్లేదు.