చేయి చాపుము



మన తెలుగులో "చేయి" అను మాట చిన్నది. అది చేయు పనులు మాత్రము అనేకము. పంట చేతికి వచ్చినదని సంతోషింతుము. కుమారుడు చేతికి అందివచ్చెనని దేవుని స్తుతింతుము. ఇబ్బంది కలిగినప్పుడు పొరుగువానియొద్ద చేబదులు తీసికొందుము. లంచమిచ్చుటను చేయి తడుపుట అందుము. దొంగబుద్ధిని చేతివాటము అందుము. కొట్టుటను చేయి చేసికొనుట అందుము. నమ్మినవానిని నట్టేట విడిచినవాడు చేయి ఇచ్చెనందుము. పడినవానిని లేవనెత్తుటకు చాచునదియు చేయియే గదా!

పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలోను ఇట్లే యున్నది. "యాద్" అను మాటకు చేయి అనియే గాక బలమనియు, ప్రక్క అనియు, జ్ఞాపకస్తంభమనియు అర్థములు కలవు. తన పేరు నిలుపుటకు కుమారుడు లేడని అబ్షాలోము ఒక స్తంభము నిలువబెట్టెను (2 సమూయేలు 18:18). హెబ్రీ మూలములో దాని పేరు "అబ్షాలోము చేయి". తండ్రిమీద లేచిన చేయి కడకు రాయిగా మిగిలెను. దేవుడో, తన ప్రజలను తన అరచేతులమీదనే చెక్కుకొనెనని యెషయా 49వ అధ్యాయము తెలుపుచున్నది.

మార్కు సువార్త 3వ అధ్యాయములో ఊచచేయి గలవాడొకడు సమాజమందిరములో నుండెను. అది కుడిచేయి యని లూకా వ్రాసెను. కాయకష్టము చేయువానికి కుడిచేయి లేనియెడల కూడు లేదని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రభువు వానిని నడుమ నిలువబెట్టి చేయి చాపుమనెను. వాడు చాపెను, అది బాగుపడెను. అచ్చటనే పరిసయ్యులును ఉండిరి. వారి చేతులు రెండును బాగుగనే యున్నవి. అయినను వారు వెలుపలికి పోయి ప్రభువును చంపుటకు ఆలోచన చేసిరి. నిజముగా ఎండిన చేయి ఎవరిది?

ఇప్పుడు మన చేతులను చూచుకొందము. శనివారము రాత్రి త్రాగివచ్చి భార్యమీద చేయి చేసికొని, ఆదివారము ఆ చేయినే చాచి ప్రభువు బల్లయొద్ద రొట్టె అందుకొందుమా? రక్తముతో నిండిన చేతులను మనము చాపినప్పుడు దేవుడు తన కన్నులు మరుగుచేసికొనునని యెషయా మొదటి అధ్యాయమే హెచ్చరించుచున్నది. భార్య దెబ్బలు రక్తము గాదని ఎవరనగలరు?

పెద్దలమైన మనమును తప్పించుకొనలేము. "అది వారి యింటి సంగతి" యని చేతులు కడుగుకొందుమా? పిలాతును నీళ్లు తీసికొని జనులయెదుట చేతులు కడుగుకొనెను (మత్తయి 27:24). ఆ నీళ్లు అతని చేతుల దుమ్మును కడిగెను గాని దోషమును కడుగలేదు. దెబ్బలు తిన్న సహోదరి మనయొద్దకు వచ్చినప్పుడు ఓర్చుకొమ్మని చెప్పి ఆ యింటికే పంపివేయకుందము. ఆమెకు భద్రమైన చోటు చూపి, ఆమె ప్రక్కను నిలుతము. అదియు చేయి యను మాటకు అర్థమే.

అట్టి చేయి గలవానికి నిరీక్షణ లేదా? కలదు. దొంగిలినవాడు ఇకమీదట దొంగిలక, అక్కరగలవానికి పంచిపెట్టునట్లు తన చేతులతో కష్టపడవలెనని ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము చెప్పుచున్నది. చేయి అదే, పని మారినది. అయితే క్షమాపణ నోటిమాటతో తీరునది గాదు. కొట్టిన చేయి సారాసీసాను విడువవలెను. కూలిడబ్బు ఇల్లు చేర్చవలెను. దాని నీడను చూచి బిడ్డలు బెదరని దినము వచ్చువరకు ఓపికతో పని చేయవలెను.

మన భాషలో "చేయి" అనగా అవయవమే గాదు, "చేయుము" అను ఆజ్ఞయు నగును. మేకుల గాయములు గల చేతులను తోమాకు చూపిన ప్రభువు నేడు మన చేతులను చూడగోరుచున్నాడు. దాచుకొనకుందము. ఎండినదైనను, మైలపడినదైనను, ఆయన యెదుట చాపుదము. ఆయన దానిని బాగుచేయును గాక. ఆమేన్.