పరాయి వంటిల్లు

కిందటి జనవరిలో నేనూ, మావారూ కంబోడియా వెళ్ళొచ్చాం. ఎవరడిగినా ఆంకోర్ వాట్ గురించే చెబుతున్నాను. చెప్పకేం మరి! 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి అది. క్షీరసాగర మథనాన్ని దాదాపు 50 మీటర్ల గోడ మీద చెక్కారు. వాసుకిని పట్టుకు లాగుతున్న రాక్షసుల్నీ, దేవతల్నీ చూస్తూ నడిచేసరికి నా మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయాను.

నేను చెప్పకుండా దాటేస్తున్నవి వేరే ఉన్నాయి.

ఆ గుడి పడమటి గోపురంలో ఎనిమిది చేతుల పెద్ద విష్ణు విగ్రహం ఉంది. అక్కడివాళ్ళు ‘తా రీచ్’ అని కొలుస్తారు. “మన విష్ణుమూర్తేనండీ!” అని మా గుంపులో ఒకాయన మురిసిపోయి, అందర్నీ వరసగా నిలబెట్టి ఫోటోలు తీశాడు. పక్కనే ఒక ముసలావిడ అగరొత్తులు పట్టుకుని నిలబడింది. మా ఫోటోలయేదాకా, తన దేవుడి దగ్గర తను, అలాగే నిలబడి ఉంది. మేం తప్పుకున్నాక వెలిగించుకుంది. ‘మన’ అన్న మాట అప్పుడు నాకెందుకో గొంతుకి అడ్డం పడింది.

మర్నాడు తోన్లే సాప్ సరస్సుకి తీసుకెళ్ళారు. విచిత్రమైన నీళ్ళండీ అవి. వానాకాలంలో మెకాంగ్ నది పొంగితే, సరస్సులోంచి బయటికి పారే నది కాస్తా వెనక్కి తిరిగి సరస్సులోకే పారుతుంది. వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు నాలుగయిదింతలవుతుంది. అందుకే కంపాంగ్ ఫ్లుక్ అనే ఊళ్ళో ఇళ్ళన్నీ మూడు నిలువుల ఎత్తు గుంజల మీద ఉంటాయి. మేం వెళ్ళేసరికి నీళ్ళు తీస్తున్నాయి. పడవ ఇళ్ళ మధ్యనుంచి పోతోంది. ఒకింట్లో పిల్లాడికి తల దువ్వుతున్నారు, ఇంకో ఇంట్లో ఎవరో ఉయ్యాల్లో నిద్రపోతున్నారు. ఒకావిడ వంటింటి అరుగు మీద కూచుని చేపలు బాగుచేస్తోంది. పడవలో ఫోన్లన్నీ ఒక్కసారి లేచాయి. నాదీ లేచింది. ఆవిడ నావైపు చూసింది. కోపంగా కాదు. చూసి, మెల్లిగా వీపు తిప్పుకుని కూచుంది.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఊరికి ఇద్దరు దొరలు కెమెరాతో వచ్చారు. దొడ్లో పిడకలు కొడుతున్న అమ్మమ్మని చూసి ఆగిపోయారు. “నా మొహంలో ఏం వింత కనిపించిందర్రా వీళ్ళకి?” అంటూ ఆవిడ కొంగు కప్పుకుంది. తరవాత చేతులు కడుక్కొచ్చి వాళ్ళకి మజ్జిగిచ్చింది. వాళ్ళు మజ్జిగ తాగి దండం పెట్టి వెళ్ళారు. ఫోటో తీశారో లేదో నాకు తెలీదు. ఆ రాత్రి భోజనాల దగ్గర మాత్రం, “కాస్త మంచి చీరలో ఉన్నప్పుడు రాకూడదూ!” అంది.

పడవ ఆవిడ నాకు మజ్జిగ ఇవ్వడానికైనా వీల్లేదు. నేను ఆగితేగా!

రాత్రి హోటల్లో ఈ మాటే అంటే మావారు విసుక్కున్నారు. “1975 నుంచి 79 దాకా పోల్ పాట్ హయాంలో 15 లక్షలమందికి పైగా పోయిన దేశం. ఇప్పుడు నాలుగు డబ్బులొస్తున్నది మనలాంటివాళ్ళు వస్తేనే. నువ్వు సిగ్గుపడి ఇంట్లో కూచుంటే ఆ పడవవాడికి అన్నం ఎవరు పెడతారు?”

కాదనలేకపోయాను. కానీ మేం కొన్న టిక్కెట్టు పడవవాడిది. అరుగు మీద ఆవిడ మాకేం అమ్మింది? రాతి దేవతలు ఎంతసేపు చూసినా మొహం తిప్పుకోరు. వాళ్ళని చూడ్డానికి అలవాటు పడ్డ కళ్ళతోనే ఆవిణ్ణీ చూశానా? ఈ ప్రశ్న అడిగితే, “నువ్వు నవలలు రాసేటప్పుడు చేసే పని అదేగా?” అని దుప్పటి ముసుగేశారాయన. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఫోటో ఇంకా ఫోన్లో ఉంది. చుట్టాలకి చూపించేటప్పుడు ఆ బొమ్మ రాగానే వేలితో గబుక్కున పక్కకి నెట్టేస్తున్నాను. మొన్న మా అమ్మాయి పట్టుకుంది. “అంత దాచేదేముందమ్మా ఇందులో? ఎవరో వీపేగా!” అంది.