మూగసాక్షుల వాఙ్మూలము

పొగను జూచి నిప్పు గలదని యూహించుట మన తార్కికు లేనాడో నేర్పిన పాఠము. నేటి శాస్త్రజ్ఞు లా మార్గముననే గడచిన శతాబ్దముల వేడిమిని లెక్కించుచున్నారు. మధ్య ఇంగ్లండున 1659 నుండి ఉష్ణమాపకపు లెక్కలున్నవి. భూమండల మంతటికిని జాలినవి 1850 ప్రాంతమునుండియే. అంతకు పూర్వపు సంగతి మూగసాక్షులే చెప్పవలెను: వృక్షకాండములలోని వలయములు, పగడపు దిబ్బలు, సరస్సుల యడుగున బేరిన బురదపొరలు, అంటార్కిటికాలో ఎనిమిది లక్షల సంవత్సరముల చరిత్రను దాచుకొన్న మంచుపొరలు.

అయితే సాక్షి మూగయైనంత మాత్రమున నిర్దోషి కాదు. చలిచే సన్నగిలిన వలయ మనావృష్టిచేతను సన్నగిల్లవచ్చును. దీనినే తర్కమున సవ్యభిచార హేతువందురు. ఉత్తరదేశపు వృక్షములు కొన్ని, 1960 తరువాత వేడిమి పెరిగినను, ఆ పెరుగుదలను దమ వలయములందు సరిగా జూపవయ్యెను.

ధర్మసంకట మిక్కడనే పుట్టినది. ప్రపంచ వాతావరణ సంస్థ 1999వ సంవత్సరమునుగూర్చి ప్రకటించిన నివేదిక ముఖపత్రముపై, ఒక రేఖలో 1960 తరువాతి వృక్షసాక్ష్యమును దొలగించి, మాపకముల లెక్కను జేర్చిరి. ఆ సంగతి యచ్చట స్పష్టపరుపలేదు. 2009లో శాస్త్రజ్ఞుల లేఖలు బయటపడగా గగ్గోలు పుట్టెను. 2010లో విచారించిన సంఘము, వారి నిజాయితీ శంకింపదగినది కాదనియు, ఆ పటము మాత్రము చదువరిని దారితప్పించునదే యనియు దేల్చెను.

“వేడిమి పెరిగిన మాట నిజమేకదా, దోషమేమి?” యని కొందఱడుగుదురు. నా తరగతిలో బాలుడు సరియైన జవాబు వ్రాసి, నడుమ నొక మెట్టును దాచినచో నేను మార్కులు తగ్గింతును. జవాబు తప్పని కాదు. రేపు తప్పు దొర్లినప్పుడు దానిని గనుగొను దారిని మూసినాడని.

అమెరికా జాతీయ పరిశోధన మండలి సంఘము 2006లో వేఱొక మార్గమును జూపెను. ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దములంతటి వేడిమి గడచిన 400 ఏండ్లలో లేదనుట దృఢముగా నమ్మదగినదనియు, 900 మొదలు 1600 వఱకు నమ్మిక తక్కువయనియు, అంతకు పూర్వము మిక్కిలి స్వల్పమనియు జెప్పెను. పిదప సాక్ష్యములు పెరిగినవి. 1970 తరువాతి వేడిమి పెరుగుదల, గడచిన రెండువేల యేండ్లలో మఱి యే యేబది యేండ్ల పెరుగుదలకంటెను వేగవంతమైనదని 2021లో అంతర్జాతీయ సంఘము దృఢవిశ్వాసముతో జెప్పగలిగెను. సందేహమును దాపక చెప్పుటచే సత్యమునకు నష్టము గలుగలేదు.

అయినను సందేహము సోమరితనమునకు సాకు కారాదు. తాతకు వచ్చిన రోగమేదో తెలియదని వైద్యుడు మనుమని జ్వరమును విడుచునా? నేటి వేడిమి మాపకములు చూపుచున్న ప్రత్యక్షము. తెలిసినంతవఱకు నడచుకొనుటయు, తెలియనిదానిని దెలియదని యొప్పుకొనుటయు నొక్క ధర్మమే. దీనిని మన యిండ్లలోని పిల్లలకు ముందుగా నేర్పుదము.